ఎత్వం లేని ఉపమ

పెద జాలరిపేట బడిలో పదో తరగతి కిటికీకి
మూడు ఊచలు లేవు.
ఆ సందులోంచి సముద్రం తొంగి చూస్తుంటుంది,
నేను బోర్డు మీద రాసే ఉదాహరణల్ని
కొంచెం వెటకారంగా.

"ఆమె ముఖం చంద్రబింబం వలె అందంగా ఉంది."
ఉపమేయం ముఖం, ఉపమానం చంద్రబింబం,
సమానధర్మం అందం, ఉపమావాచకం వలె.
ఇరవై రెండేళ్లుగా అదే ముఖం, అదే చంద్రుడు.
ఆమె ఎవరని ఒక్కరూ అడగలేదు.

గనగళ్ల ఎల్లాజీ అడిగాడు.
"ఏ ఆమండీ మేడమ్? మా పేటా, అవతల పేటా?"
నవ్వులు. చాక్‌పీసు రెండు ముక్కలు.

వాడికి ఒకటే జబ్బు,
ల మీద ఎత్వం పెట్టడు.
"తెప్ప గుర్రం వల ఎగిరింది."
"మా పెద్దమ్మ గొంతు పోర్టు సైరను వల వినిపిస్తుంది."
ఎర్ర సిరాతో సున్నా చుట్టి
వలె, వలె, వలె అని దిద్దేదాన్ని.
వందసార్లు రాసుకురమ్మంటే
వందసార్లూ వల అనే రాసుకొచ్చాడు.
పేజీ నిండా ఇసకలో ఆరేసినట్టు.

వృత్త్యనుప్రాసకి నూకరత్నం లేచి
వాళ్లమ్మ కేక యథాతథంగా వేసింది:
"కోనెం కొంటారా, కవళ్లు కావాలా,
కానాగంతలు కుప్ప కట్టీమంటారా!"
క ఎన్నిసార్లు వచ్చిందో అందరం వేళ్ల మీద లెక్కపెట్టాం.
ఆ సాయంత్రం అదే కేక దగ్గర ఆగి
ఇరవై రూపాయలు తగ్గించమన్నాను.
తగ్గించలేదు.

అతిశయోక్తికి సొంత వాక్యం అడిగితే
ఎల్లాజీ రాశాడు: "తుఫాను గాలికి మా ఇంటి రేకు ఎగిరెళ్లి
కైలాసగిరి మీద రైలు పట్టాల పక్కన పడింది."
ముచ్చటేసి రెండు మార్కులు వేశాను.
"అది నిజమేనండి, మా రేకూ అక్కడే దొరికింది,
మా బాబే రెండూ మోసుకొచ్చాడు" అంది నూకరత్నం.
ఉన్నది ఉన్నట్టు చెబితే స్వభావోక్తి.
మరి మార్కులు కొట్టెయ్యాలా?
ఆ తుఫాను రాత్రి నేను సీతమ్మధారలో
మూడో అంతస్తులో తలుపులేసుకుని
కొవ్వొత్తి పెట్టుకుని పేపర్లు దిద్దుతున్నాను.

శ్లేష చెప్పనవసరం లేకపోయింది.
పోటు అంటే ఏమిటర్రా అంటే
సగం తరగతి సముద్రం వైపు చూసింది.
వెనక బెంచీలో దానయ్య
తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.
వాళ్ల తాత పోయి అప్పటికి నెల.
ఆ రోజు నోట్సు చెప్పడం మరిచిపోయాను.

దసరా సెలవులయ్యాక హాజరు పిలుస్తుంటే
పదిహేడో నంబరు దగ్గర ఎవరూ పలకలేదు.
"ఎరావల్ ఎల్లిపోనాడండి, ఆల మావయ్య తోటి.
బోటు మీద వంటపని. అడ్వాన్సు తీసీసుకున్నారు."
గోడ మీది మ్యాపులో గుజరాతు
ఇక్కడికి జానెడు.

ఆ వారం పాఠం లుప్తోపమ.
నాలుగింటిలో ఒకటి లేకపోయినా ఉపమ ఉపమే,
ఏది లోపించిందో పేరు పెట్టి రాయాలి,
ఒక మార్కు ప్రశ్న.
చెప్పాను. గొంతు బాగానే ఉంది.
మూడో బెంచీ చివరి జాగాలోకి మాత్రం
ఎవరూ జరగలేదు.

వాడి నోట్సు నా బీరువాలోనే ఉండిపోయింది.
నిన్న తీశాను. ఆఖరి పేజీ, నేను దిద్దనిది:
"మేడమ్ మాట వల"
అంతే. వాక్యం పూర్తి కాలేదు.
గంట కొట్టారో, పెన్నులో సిరా అయిపోయిందో,
ఏం రాయబోయాడో.

ఎర్ర పెన్ను మూత తీశాను.
ఎత్వం ఒక్కటి తగిలిస్తే ఇది ఉపమ.
వదిలేస్తే రూపకం.
చాలాసేపు కూర్చున్నాను.

అలవాటు కొద్దీ అర మార్కు తీసేశాను.
పదం మాత్రం దిద్దలేదు.